పడవ వెనక కొస

హోయ్ట్ లాసన్ కుడికాలి మునివేళ్ళతో పెడల్ నొక్కాడు. పడవ ముక్కుకు బిగించిన చిన్న కరెంటు మోటారు గుర్రుమంది. నీట్లోకి ఒరిగిపడిన ఓక్ చెట్టు వైపు పడవ ముక్కు తిరిగింది గానీ తోక తిరగలేదు. వెనక కొసన నిలబడిన రీవా స్టాలర్డ్‌కి ఎదురుగా ఉన్నది నడి సరస్సు. కొమ్మ లేదు, నీడ లేదు, ఉత్త ఖాళీ నీళ్ళు.

ఆమె గాలపు రాడ్డు చేత్తో పట్టుకుని ఆగింది. హోయ్ట్ రెండు రేకులు గిర్రున తిరిగే తెల్లటి ఎరను చెట్టు చివరి కొమ్మ పక్కనుంచి లాగాడు. ఆ తర్వాత చెట్టు మొదలు పక్కనుంచి లాగాడు. అప్పుడు రాడ్డు మార్చి, రబ్బరు పోగుల కుచ్చు ఉన్న బరువైన జిగ్గు ఎరను రెండు కొమ్మల మధ్య సందులోకి చప్పుడు కాకుండా జారవిడిచాడు. దారం పక్కకి లాగింది. మణికట్టు విసురుగా పైకెత్తి, కొమ్మకు చుట్టుకునే వ్యవధి ఇవ్వకుండా, నల్లచారల బాస్ చేపను గాల్లోకి లేపి పడవలో పడేశాడు.

"చూశావా అమ్మాయ్, గుమ్మంలోనే కూర్చునుంది."

రీవాకి నలభై ఆరేళ్ళు. సూపర్ మార్కెట్లో మాంసం కోసే బల్ల దగ్గర ఆమె కింద పనిచేసే వాళ్ళే నలుగురున్నారు. ఆమెను అమ్మాయ్ అని పిలిచేది ఇప్పుడు హోయ్ట్ ఒక్కడే.

"బాగుంది" అంది.

హోయ్ట్ చేపను నీళ్ళ తొట్లో వేసి మూత మూశాడు. చెట్టు ఇప్పటికి రీవాకి అందేంత దగ్గరికి వచ్చింది. ఆమె ఎర చిన్నది. వేలి పొడవు రబ్బరు వానపాము. గాలాన్ని దాని నడుముకు గుచ్చి, సీసం కట్టకుండా వదిలేస్తుంది. అది నీళ్ళలో రెండు కొసలూ వణికించుకుంటూ, ఆకు రాలినంత నెమ్మదిగా దిగుతుంది. దిగుతున్నంతసేపూ రాడ్డును కాదు, నీటి మీద దారాన్ని చూడాలి. చేప అందుకుంటే చేతికి ఏమీ తెలియదు. దారం మాత్రం చిన్నగా ఉలిక్కిపడుతుంది. ఈ పద్ధతికి కావలసిందల్లా ఒక్కటే, పడవ కదలకుండా ఉండటం.

ఆమె విసిరింది. వానపాము కొమ్మ నీడలో పడి, ఇంకా మూరెడు లోతు దిగిందో లేదో, హోయ్ట్ పెడల్ తొక్కాడు. పడవ ముందుకు జరిగింది. దారం విల్లులా వంగి, ఎరను నీడలోంచి బయటికి ఈడ్చుకొచ్చింది.

"ఇక్కడ అయిపోయింది, పద" అన్నాడు హోయ్ట్, ఆ మాట తనతో తనే అనుకుంటున్నట్టు.

పొద్దున్నుంచీ ఇదే వరస. గట్టుమీద హికరీ చెట్ల నీడ పడేచోట, రాళ్ళ పోగు దగ్గర, చెక్క రేవుల కింద, ఎక్కడికి వెళ్ళినా మొదట హోయ్ట్ తెల్ల ఎర, ఆ తర్వాత హోయ్ట్ జిగ్గు, ఆపైన హోయ్ట్ పెడల్. రీవాకి మిగిలేది అతను దువ్వి వదిలేసిన నీళ్ళు. ఇది చేపల క్లబ్బు పోటీ. నియమం ప్రకారం రోజూ పొద్దున టోపీలోంచి చీటీలు తీసి జతలు కడతారు. సొంత పడవ ఉన్నవాళ్ళు ముందు, లేనివాళ్ళు వెనక. ఈ శని ఆదివారాల్లో ఏ రోజు మొదటి స్థానం వచ్చినా ఆకురాలే కాలంలో జరిగే పెద్ద పోటీకి క్లబ్బు తరఫున వెళ్ళొచ్చు. అయితే నియమాల్లో పడవ ఎటు తిప్పాలో ఎక్కడా రాసిలేదు.

ఇది హోయ్ట్ కావాలని చేస్తున్నాడా, అలవాటుగా చేస్తున్నాడా అన్నది రీవా తేల్చుకోలేకపోయింది. అతని వీపు చూస్తూ తేల్చుకోవడానికి ప్రయత్నించింది. చెమటకు చొక్కా అంటుకుపోయిన వెడల్పాటి వీపు. దానికి కళ్ళు లేవు. మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ మాత్రం అతను మర్యాదగానే ఉన్నాడు, తన కూలర్లోంచి చల్లటి తీపి టీ ఇచ్చాడు, ఆమె భర్త గ్లెన్ ఎలా ఉన్నాడని అడిగాడు. అది ఆమెకు మరీ చిరాకు తెప్పించింది. దుర్మార్గుడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

ఎండ దిగుతుండగా ఆమె గట్టు సంగతి వదిలేసింది. హోయ్ట్ గట్టువైపు విసురుతుంటే ఆమె వెనక్కి తిరిగి లోతు వైపు విసిరింది. అక్కడ ఏముందో తెలియదు. వానపాము దిగుతూ దిగుతూ ఉండగా నీటి మీద దారం ఒక్కసారి ఉలిక్కిపడి, పక్కకి నడిచింది. రీవా రీలు బిగించి లాగింది. రాడ్డు సగానికి వంగింది.

"హోయ్ట్, వల."

"పెద్దదా?"

"పెద్దదే. వల అందుకో."

"ఒక్క విసురు, ఇదిగో, అక్కడ ఒకటి మెదిలింది." అతని ఎర గాల్లో ఉంది. పడవ ముక్కులో ఉన్న చేతివల అతని కాళ్ళ దగ్గరే ఉంది.

చేప పడవ పక్కన పైకి తేలి, నోరు తెరిచి తల విదిలించింది. రీవా ఒక మోకాలు మీద కూర్చుని చెయ్యి చాచింది. వేళ్ళు దాని కింది దవడకు తగిలాయి. అది మరోసారి విదిలించింది. గాలం ఊడి ఆమె చెంప పక్కనుంచి దూసుకుపోయింది. చేప తొందరేమీ లేనట్టు తిరిగి లోతులోకి వెళ్ళిపోయింది.

హోయ్ట్ అప్పటికి వల పట్టుకుని వచ్చాడు. "అయ్యో. దవడ గట్టిగా పట్టాల్సింది."

రీవా తడిసిన చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంది. తుడుచుకున్న చోటే మళ్ళీ తుడుచుకుంది.

సాయంత్రం రేవు దగ్గర తూకంలో హోయ్ట్ మూడో స్థానంలో వచ్చాడు. రీవా సంచీ ఖాళీ. లైల్ అని ఒకడున్నాడు, ఆమెలాగే పడవ లేనివాడు, చాలా ఏళ్ళుగా ఎవరో ఒకరి వెనక కూర్చునే వస్తున్నాడు. అతని సంచీ కూడా ఖాళీయే. అయినా నోరు ఊరుకోదు.

"ఏం రీవా, పడవ వెనక తేలిపోతుందని బరువుకు ఎక్కించుకున్నాడా నిన్ను?"

"నిన్ను దేనికి ఎక్కించుకున్నారు, కబుర్లకా?"

"మరి. ఊరికే తీసుకెళ్తారా ఎవరైనా." లైల్ నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. రీవా కూడా నవ్వాల్సి వచ్చింది.

ఇంట్లో గ్లెన్ పొయ్యి దగ్గర నిలబడి చిక్కుళ్ళు వేడిచేస్తున్నాడు. ఆమె వంటింటి బల్ల మీద రాడ్లు పరిచి, దారం కొసలు మునివేళ్ళ మధ్య జార్చి చూసింది. చెట్ల కొమ్మలకు రాసుకుని గరుకు తేలిన మేర కత్తిరించి పారేసింది. కొత్త ముడులు వేసి, ఉమ్మితో తడిపి, పళ్ళతో బిగించింది.

"అతనితో అనకపోయావా, కాస్త పడవ తిప్పమని" అన్నాడు గ్లెన్ అంతా విని.

"అనడం దేనికి? కళ్ళు లేవా ఆయనకి?"

"ముందుకు చూస్తుంటాడు కదా మరి."

"నువ్వు ఎవరి పక్షం గ్లెన్?"

"నేను చిక్కుళ్ళ పక్షం. చల్లారిపోతున్నాయి, రా."

ఆదివారం పొద్దున టోపీలోంచి ఆమెకు ఓరిన్ ప్రూయిట్ పేరు వచ్చింది. ఓరిన్ గారు డెబ్బై దాటిన మనిషి, బడి బస్సుల మరమ్మతు చేసి రిటైరయ్యాడు. ఆయనది పాత అల్యూమినియం పడవ. రంగు పోయిన చోట్ల బూడిద చుక్కలు.

"తల్లీ, ముందు నువ్వు నిలబడు" అన్నాడు ఆయన పడవ నీట్లోకి దిగగానే. "ఆ పెడల్ తొక్కుతూ నిలబడటం నా మోకాళ్ళ వల్ల కాదు. నేను వెనక కూర్చుంటాను."

"మీ పడవ కదండీ."

"నా పడవే. అందుకే చెప్తున్నాను, వెళ్ళు."

రీవా ముందుకు నడిచింది. ముక్కు మీద నిలబడి పెడల్ మీద కాలు పెట్టేసరికి, ఆమెకు గట్టు మొత్తం తన కోసమే విప్పి పరిచినట్టు కనిపించింది. ఇసుక మేటల మీద బ్లూగిల్స్ అనే చిన్న చేపలు గుడ్లు పెట్టే గుంటలు, పళ్ళాలు బోర్లించి తీసిన గుర్తుల్లా గుండ్రంగా, పక్కపక్కనే ఉన్నాయి. ప్రతి పళ్ళెంలో అరచెయ్యంత చేప ఒకటి కాపలా. వాటిని మింగడానికి బాస్ చేపలు లోతు మొదలయ్యే అంచున పొంచి ఉంటాయి. రీవా నీటి పైన తేలే ఎరను ఆ అంచు మీదికి విసిరి, వలయాలు చెదిరిపోయేదాకా ఆగి, ఒక్కసారి చిన్నగా కుదిపింది. బుడుంగుమంది. మళ్ళీ ఆగింది. ఈ ఆగడంలోనే ఉంది పనంతా. రెండో కుదుపుకు నీరు పగిలి ఎర మాయమైంది.

ఎండెక్కేలోపు మూడు పడ్డాయి. ఓరిన్ గారు ప్రతిసారీ వలతో సిద్ధంగా ఉన్నాడు. మోకాళ్ళ మీద చెయ్యి ఊని లేచి, చేప తల కింద వల పెట్టి, ఆమె చెప్పకముందే ఎత్తేవాడు.

"నిన్న మీరుంటే బాగుండేది" అంది రీవా.

"నిన్న నేను లైల్‌ని మోశాను. చెవులు ఇంకా నొప్పి."

ఎండ నిటారుగా పడ్డాక చేపలు చెక్క రేవుల కింది నీడలోకి చేరాయి. రీవా నిన్నటి రబ్బరు వానపామును బయటికి తీసింది. ఇప్పుడు పడవ ఆమె చెప్పినట్టు వింటుంది. గాలికి పక్కకి జరిగితే కాలి వేలితో సరిచేసి నిలబెడుతుంది. రేవు స్తంభం పక్కన, నిచ్చెన వెనక, కట్టేసిన పడవ నీడలో, ఒక్కోచోట రెండు మూడుసార్లు విసిరింది. నాలుగోది పడింది. మంచి బరువు. ఇంకొకటి పడితే అయిదు, తూకానికి అంతకు మించి ఒప్పుకోరు. అయిదు తూకానికి పెడితే ఈ రోజు ఆమెదే. అది ఆమెకు అరిచేతుల్లో తెలుస్తోంది.

వెనకనుంచి చిన్న రీలు చప్పుడు వినిపిస్తోంది. ఓరిన్ గారు బాస్ రాడ్లు పక్కన పెట్టేసి, సన్నటి రాడ్డుకు గోరంత జిగ్గు కట్టి బ్లూగిల్స్ పడుతున్నాడు. ఇనప తొట్టెలో అవి టపటపా కొట్టుకుంటున్నాయి. ఆయనకు అదే ఇష్టం కాబోలని ఆమె పొద్దున్నే అనేసుకుంది. అలా అనుకోవడం తేలిగ్గా ఉంది.

చివరి వరస రేవుల దగ్గరికి వచ్చేసరికి వెనక్కి వెళ్ళే వేళ దగ్గరపడింది. రీవా నీలం తలుపుల పడవ షెడ్డు మూలకు విసిరింది. ఏమీ తగల్లేదు. మళ్ళీ విసిరింది. ఎర లాక్కుని, పెడల్ తొక్కుతూ ఎందుకో వెనక్కి చూసింది. ఓరిన్ గారు ఈసారి బాస్ రాడ్డు తీసుకున్నాడు. కూర్చునే, పక్కవాటుగా, మోచెయ్యి పూర్తిగా చాపకుండా విసిరాడు. ఆయన ఎర షెడ్డు మూలలో పడింది. ఆమె ఎర లేపిన వలయాలు ఇంకా అణగలేదు. వాటి మధ్యలోనే పడింది. అది దిగుతుండగా ఆమె కాలికింద మోటారు గుర్రుమని పడవ కదిలింది. ఆయన దారం విల్లులా వంగింది. ఆయన ఎరను వెనక్కి చుట్టుకున్నాడు.

రీవా పెడల్ మీంచి కాలు తీసింది.

పడవ ఎలా ఉందో చూసింది. ముక్కు గట్టువైపు. తోక నడి సరస్సు వైపు. పొద్దున్నుంచీ అలాగే ఉంది. తిప్పింది తనే.

ముందు సిగ్గు కాదు, కోపం వచ్చింది, అది కూడా ఆయన మీద.

"ఓరిన్ గారూ, మీకు విసరడానికి చోటు లేదు కదా. పొద్దున్నుంచీ లేదు."

"కాస్త తక్కువే" అన్నాడాయన.

"మరి చెప్పరేం? మీకు ఆ చిన్న చేపలంటే ఇష్టమనుకున్నాను."

"తినడం ఇష్టం. పట్టేది మాత్రం అవొక్కటే అందుతున్నాయి కాబట్టి."

"అయితే నోరు తెరిచి చెప్పొచ్చుగా. మీ పడవండీ ఇది."

ఓరిన్ గారు ఎర కొసకు అంటిన నాచు తీసి నీళ్ళలో విదిలించాడు. "నిన్న హోయ్ట్‌తో నువ్వు చెప్పావా?"

రీవా కాలి దగ్గరి పెడల్ వైపు చూసింది.

"లైల్ చెప్పాడు, హోయ్ట్ నిన్ను ఎండబెట్టేశాడని. ఏమైనా అన్నావా అతన్ని?"

"లేదు."

"అంతేగా మరి. చేపలు పడుతున్నవాళ్ళని కదిలించాలంటే అదోలా ఉంటుంది."

అయిదో చేప సంగతి రీవా మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఇంత కష్టం ఉండకపోను. పక్క రేవు, అన్నిటికంటే చివరిది, నీడ నల్లగా పరుచుకుని ఉంది. ఆమె పెడల్ మడమతో తొక్కి పడవను గుండ్రంగా తిప్పింది. తోక రేవుకు ఎదురుగా వచ్చింది. మోటారు ఆపేసి సీట్లో కూర్చుని, రాడ్డు కాళ్ళ దగ్గర పెట్టేసింది.

"మీదే. కానివ్వండి."

"నువ్వూ విసురు తల్లీ."

"వద్దు. తొందరగా కానివ్వండి, టైం లేదు."

ఓరిన్ గారికి తొందర తెలియదు. మొదటి విసురు దూరం చాలక రేవు ముందే పడింది. రెండోది స్తంభాన్ని కొట్టుకుంది. మూడోది నిచ్చెన మెట్టుకు చుట్టుకుపోయింది. రీవా పడవను దగ్గరికి తీసుకెళ్ళి, వంగి, పళ్ళు బిగబట్టి దారం విడదీసింది. ఇంత గొడవకు అక్కడ చేప ఉన్నా పారిపోయి ఉంటుంది. ఆ మాట పైకి అనకుండా పడవను మళ్ళీ వెనక్కి జరిపింది. దూరంగా మిగతా పడవల ఇంజన్లు ఒకటొకటిగా రేవు వైపు వెళ్తున్న మోత వినిపిస్తోంది.

నాలుగోసారి ఎర నీటి మీద ఒక్క గెంతు గెంతి, చెక్కల కింద చీకట్లోకి జారింది. పడవ కదల్లేదు. దారం మెత్తగా దిగింది, ఆగింది, ఉలిక్కిపడింది.

"ఓరిన్ గారూ."

"చూశాను."

ఆయన కూర్చునే లాగాడు. రీవా వల తీసుకుని పరిగెత్తింది. చేప స్తంభం చుట్టూ తిరగబోయింది. ఆయన రాడ్డు నీట్లోకి దించి దాన్ని బయటికి మళ్ళించాడు. ఆమె వల కింద పెట్టి ఎత్తింది. ఇద్దరూ కలిసి దాన్ని కొలబద్ద మీద పరిచారు. ఓరిన్ గారు మూతి ఆనించి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కాడు. తూకానికి ఒప్పుకునే గీతకు ఇంకా గోరంత తక్కువ. మళ్ళీ నొక్కాడు. చేప పెరగలేదు.

"పొట్టిది" అన్నాడు.

"పొట్టిదే" అంది రీవా.

ఆయన దాన్ని రెండు చేతుల్తో నీళ్ళలోకి దించి, ఊపిరి అందేదాకా పట్టుకుని వదిలాడు. వేళ్ళ మధ్యనుంచి అది జారిపోతుంటే ఆయన ముఖంలో ఉన్నది నవ్వేనని రీవాకి అర్థమయ్యేసరికి, ఆమెకు ఆ చేపనూ, ఆయన్నూ, నిచ్చెననూ కలిపి సరస్సులోకి నెట్టాలనిపించింది. వాచీ చూసుకుంది. ఇంజన్ దగ్గరికి గెంతింది.

దారంతా పాత పడవ అలల మీద దబదబా కొట్టుకుంటూ పరిగెత్తింది. అయినా ఆలస్యమే అయింది. ఆలస్యమైతే తూకంలో కోత. నాలుగు చేపలు తక్కెడలో పెట్టినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు ఈల వేశారు. కోత పోగా బోర్డు మీద హోయ్ట్ పేరు కింద ఆమె పేరు రాశారు. కోత లేకపోతే పైన ఉండేది. అందరికీ ఆ లెక్క తెలుసు. ఎవరూ నోటితో అనలేదు. లైల్ కూడా అనలేదు.

హోయ్ట్ తన పడవ దగ్గర పట్టీలు బిగిస్తున్నాడు. "ఏమైంది రీవా? చేతిలోకి వచ్చింది పోగొట్టుకున్నావు."

"స్టార్టరు మొండికేసింది" అన్నాడు ఓరిన్ గారు తన ట్రక్కు దగ్గర్నుంచి.

"స్టార్టరు బాగానే ఉంది" అంది రీవా. హోయ్ట్ వైపు నడిచి అతని ట్రెయిలర్ పక్కన నిలబడింది. "పొద్దున్నుంచీ నేను ఆయనకి ఒక్క విసురుకి కూడా చోటివ్వలేదు. చివర్లో ఇచ్చాను. ఆయనకి టైం పట్టింది. నిన్న నువ్వు నాకు చేసింది కూడా ఇదే హోయ్ట్. పడవ తోక ఎప్పుడూ నడి సరస్సులోనే ఉంచావు. నా ఎర దిగకముందే పెడల్ తొక్కావు. వల అడిగితే ఇవ్వలేదు."

హోయ్ట్ పట్టీ పట్టుకుని ఆగాడు. మెడ ఎర్రబడింది. "నిన్న ఒక్క మాట అనలేదేం మరి?"

"అనాల్సింది. ఇప్పుడంటున్నాను."

"పోటీ అమ్మాయ్ ఇది. చర్చి భోజనాలు కాదు, వరసగా వడ్డించడానికి."

"నా పేరు రీవా. ఇంకోసారి టోపీలోంచి మనిద్దరి పేర్లూ వస్తే, మొదటి చెట్టు దగ్గరే అడుగుతాను పడవ తిప్పమని. రెండో చెట్టు దగ్గర కూడా అడుగుతాను. నీకు విసుగొచ్చేదాకా అడుగుతాను."

హోయ్ట్ ఆమె ముఖంలోకి చూశాడు, ఆ తర్వాత పడవ వెనక సీటు వైపు చూశాడు. పట్టీ లాగి బిగించాడు. రీవా అతని నోట ఇంకేమీ రాదని తెలిశాక వెనక్కి వచ్చేసింది. గెలిచినట్టేమీ లేదు. ఆకురాలే కాలంలో పోటీకి వెళ్ళేది హోయ్ట్.

రేవు పక్కన చేపలు శుభ్రం చేసే సిమెంటు గట్టు ఉంది. ఓరిన్ గారు అక్కడ బ్లూగిల్స్ గుమ్మరించి, స్పూను అంచుతో పొలుసు గీకుతున్నాడు. రీవా ఆయన పక్కన నిలబడి తన కత్తి తీసింది. ఆయన గీకి ఇస్తుంటే ఆమె తల కింద ఒక్క వాలు కోత కోసి, పొట్ట చీల్చి, కొళాయి కింద కడిగి గిన్నెలో వేసింది.

లైల్ వచ్చి గట్టుకు ఆనుకున్నాడు. టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. ఎగతాళి ఏదో వస్తుందని రీవా ఎదురుచూసింది.

"ఏమన్నాడు?" అన్నాడు నెమ్మదిగా.

"ఎవరు?"

"హోయ్ట్. నువ్వు అదంతా అన్నాక."

"పోటీ అన్నాడు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా?"

"లేదు."

రేవు అవతలి చివర, ఈ రోజు అతన్ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళిన మనిషి తన పడవను ట్రెయిలర్ మీదికి ఎక్కిస్తున్నాడు. లైల్ టోపీ మళ్ళీ పెట్టుకుని, సర్దుకుని, అటువైపు నడిచాడు. మధ్యలో ఒకసారి ఆగాడు. మళ్ళీ నడిచాడు.

రీవా తర్వాతి చేప అందుకుంది.